గుండీ పాట

లాండ్రీలో ఫోను మోగేసరికి ఆమె ఆసుపత్రి కోట్ల మీద ఉంది. మంగళవారం ఆసుపత్రి కోట్లు, బుధవారం హోటల్ దుప్పట్లు, గురువారం కర్టెన్లు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె వారం అలాగే నడుస్తోంది. కోటును బల్ల మీద పరిచి ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, ఆఖరున వీపు. కాలి కింద మీట తొక్కితే ఇస్త్రీపెట్టె బుస్సుమని ఆవిరి చిమ్ముతుంది. ఆ క్షణంలో మొహం పక్కకి తిప్పి ఊపిరి బిగబట్టడం, ఆవిరి తగ్గగానే మళ్ళీ ఇటు తిరగడం ఆమెకి నడకంత అలవాటు.

"నీకే ఫోను. టీవీ వాళ్ళట," అన్నాడు లాండ్రీ యజమాని, ఫోనును రెండు వేళ్ళతో తడిబట్టలా పట్టుకుని. "మరకలెలా పోతాయో చెప్పమంటారేమో. మన మందు పేరు మాత్రం చెప్పకు."

ఆమె చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. అవతల ఓ అమ్మాయి గొంతు, పరుగెత్తుకొచ్చినట్టు.

"మేడం, గుండీ పాట పాడింది మీరేనా?"

ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో ఆమెకి వెంటనే గుర్తు రాలేదు. ముప్పై రెండేళ్ళ కిందట ఒక్క వానాకాలం, ఆ పాట మోగని మంగలి షాపు లేదు, బస్సు లేదు, టీ కొట్టు లేదు. రోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆమెని చూసి "గుండీ! గుండీ!" అని అరిచేవారు. వానలు ఆగాయి, పాట కూడా ఆగింది. పేరు మాత్రం మిగిలింది. లాండ్రీలో ఇప్పటికీ ఆమెని గుండీ అనే పిలుస్తారు. బట్టలకి ఊడిన గుండీలు కుడుతుంది కాబట్టి అలా అంటారని కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు.

"నేనే," అంది.

"అమ్మయ్య! ఎంత వెతికించారు మేడం! మా పాటల పోటీలో ఓ అమ్మాయి మీ పాట పాడింది. ఫోన్లలో లక్షలమంది చూశారు. అసలిది ఎవరి పాట అని అందరూ ఒకటే అడగడం. అందుకని ఒరిజినల్ సింగర్‌నే స్టేజీ మీదికి తెద్దామని. శుక్రవారం షూటింగు, ఆదివారం సాయంత్రం టెలికాస్టు. ఒరిజినల్ మీరే కదా మేడం?"

బల్ల మీద డాక్టరు కోటు చేతులు చాపుకుని పడుకుని ఉంది. ఇస్త్రీపెట్టె దాని వీపు మీదే మరిచిపోయి వచ్చిన సంగతి ఆమెకి వాసన తగిలేదాకా తెలియలేదు.

"అవును. నేనే," అంది.

కోటు వీపున అరచేయంత గోధుమరంగు మచ్చ పడింది. ఇంకో రోజైతే యజమాని లాండ్రీ కప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. ఇవాళ ఆ మచ్చకేసి చూసి, ఆమెకేసి చూసి, "పోనీలే, కళాకారులకి ఆమాత్రం పరధ్యానం ఉంటుంది," అన్నాడు.

ఆమె తమ్ముడింట్లో, వెనక గదిలో ఉంటుంది. ఆ సాయంత్రం ఆమె గుమ్మంలో చెప్పులు విడిచేలోపే కబురు ఇల్లంతా తెలిసిపోయింది. మరదలు ఎప్పుడూ లేనిది ఫ్యాను కిందున్న కుర్చీ ఖాళీ చేసి, "ఇలా కూర్చో వదినా," అంది. మేనకోడలు ఫోను పట్టుకుని పక్కన చతికిలబడింది.

"అత్తా, నిజంగా ఇది నువ్వేనా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్పకేం," అంది మరదలు గిన్నెలు సర్దుతూ. "నేను కాపురానికొచ్చిన కొత్తలో వారం రోజులు అదే చెప్పింది. నేనే విన్లేదు."

"ఇప్పుడు విను మరి," అన్నాడు తమ్ముడు. ఆయన మొహం వెలిగిపోతోంది. పొద్దున్నించి ఫ్యాక్టరీలో ఎంతమందికి చెప్పాడో.

మేనకోడలు ఫోనులో పోటీ అమ్మాయి పాట పెట్టింది. పందొమ్మిదేళ్ళుంటాయేమో, మెరుపుల బట్టలు, గలగలమనే గొంతు.

'నీ చొక్కా గుండీ నా గుప్పిట్లో ఉంది
వచ్చావా కుడతాను, రాలేదా దాస్తాను...'

'దాస్తాను' దగ్గర ఆ అమ్మాయి చిన్నగా నవ్వింది. కిలకిలమని, మూడు మెట్లు దిగినట్టు. అది రికార్డులోని నవ్వే. రికార్డు కంపెనీ ఆయన అద్దం అవతలి నుంచి వేలు చూపించి నవ్వమంటే, ఏడుసార్లు నవ్వి, ఏడోది బాగుందనిపించుకున్న నవ్వు. ఆ అమ్మాయి దాన్ని పొల్లు పోకుండా దించేసింది.

"కవర్ ఎంత బాగా పాడిందో కదత్తా!"

"కవరంటే?"

"అంటే వేరేవాళ్ళ పాట తీసుకుని మళ్ళీ మనం పాడడం. తప్పేం కాదు, అందరూ చేస్తారు. కాకపోతే ఒరిజినల్ ఎవరిదో చెప్పాలి."

"దానికో పేరు కూడా ఉందన్నమాట," అంది ఆమె. మరదలు తెచ్చిచ్చిన టీ గ్లాసు ఆమె చేతిలోనే చల్లారిపోయింది.

గురువారం ఆమె కర్టెన్లు పక్కన పెట్టి యజమానిని ఒక పూట సెలవడిగింది. రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఆ ఇల్లు ఆమెకి తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట లాండ్రీ బండిలో అదే వీధికి కర్టెన్లు దింపడానికి వెళ్ళినప్పుడు, వాకిట్లో కూర్చుని తల ఆరబెట్టుకుంటున్న మనిషిని చూసి గుర్తుపట్టింది. బండి దిగలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి డ్రైవరునే దింపి రమ్మంది.

తలుపు తీసింది ఆవిడ కూతురు. మందుల షాపు యూనిఫాం వేసుకుని, డ్యూటీకి బయల్దేరబోతోంది. ఎవరని అడిగితే ఆమె తన పేరు చెప్పింది. కూతురి మొహంలో ఏ మార్పూ లేదు. లోపలి నుంచి మాత్రం, "రానీ," అని వినిపించింది.

పెద్దావిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. అరవై ఏడేళ్ళు. జుట్టు పూర్తిగా తెల్లబడింది కానీ నడుం నిటారుగానే ఉంది, మైకు ముందు నించున్నప్పటిలాగే. ఆ నడుమునే చూస్తూ ఆమె మూడేళ్ళు వెనక వరసలో కోరస్ పాడింది.

"లావయ్యావు," అంది పెద్దావిడ.

"ఆవిరికి ఉబ్బిపోయానక్కా."

"కూర్చో. చేతులు ఖాళీగా పెట్టుకోకు, వలువు."

ఇద్దరూ కాసేపు వలిచారు. కాయ నొక్కితే టప్పుమని విడుతోంది. గింజలు గిన్నెలో పడుతున్నాయి. ఎదురింటావిడ కిటికీలోంచి ఓసారి తొంగిచూసి, "ఎవరో చుట్టాలొచ్చారే," అని వెళ్ళింది.

"టీవీ వాళ్ళు పిలిచారక్కా. గుండీ పాటకి."

"ఊఁ."

"అసలు పాడింది నేనేనని చెప్పాను."

"కొత్తేముంది? అప్పుడూ అలాగే చెప్పావుగా."

పెద్దావిడ గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. తిట్టినా బాగుండును అనిపించింది ఆమెకి.

"రికార్డాయన ముందు నా దగ్గరికే వచ్చాడు, తెలుసా?" అంది పెద్దావిడ. "మా అమ్మాయి పుట్టిన తొమ్మిదో రోజు. లేచి కూర్చునే ఓపిక లేదు, గొంతులో జీర. నేనే చెప్పా ఆయనకి, మా కోరస్‌లో ఓ పిల్లుంది, దానికి పాటంతా నోటికొచ్చు, దాంతో పాడించుకోండి అని. ఒక్కటే అడిగా. ఎవరైనా అడిగితే పాట ఫలానా ఆవిడది, కట్టింది పాడింది ఆవిడేనని ఒక్క మాట చెప్పమన్నా. ఆ సంగతి నీకు చెప్పమన్నా. ఆయన నీకు చెప్పి ఉండడు. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చా."

తలవంచుకుని 'చెప్పలేదక్కా' అంటే సరిపోయేది. ఆ రికార్డాయన పోయి చాలా కాలమైంది, కాదనేవాడు లేడు. పెద్దావిడే దారి చూపించింది. ఆమె చేతిలో కాయ నలిగి నారంతా వేళ్ళకి అంటుకుంది.

"చెప్పాడక్కా," అంది.

పెద్దావిడ చేతులు ఆగాయి.

"రెండుసార్లు చెప్పాడు. నేనే చెప్పలేదు. మొదటిసారి పేపరాయన అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది. తర్వాత చెబుదాంలే అనుకున్నా. ఆ తర్వాత అడిగినవాళ్ళకి కూడా తర్వాతే అనుకున్నా. ఆ పైన అడిగేవాళ్ళే లేకుండా పోయారు."

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న కూతురు అలాగే ఒంగి ఉండిపోయింది.

"పని వెతుక్కుంటానని మా ఆయన ఊళ్ళు పట్టి పోయాడు. నాలుగు నెలలు కబురు లేదు," అంది చివరికి పెద్దావిడ. "ఆయన చొక్కా ఒకటి ఉతుకుతుంటే గుండీ చేతిలోకి ఊడొచ్చింది. అప్పుడు కట్టుకున్న పాట అది. దాన్ని నువ్వు నవ్వుతూ పాడావు."

"నవ్వమన్నారక్కా."

"నవ్వమంటే నవ్వేస్తావా?"

ఆమె గిన్నె పక్కకి జరిపి, "రేపు షూటింగు, ఆదివారం టీవీలో వస్తుంది. స్టేజీ మీద చెప్తాను. నీ పేరు, ఇంటిపేరుతో సహా చెప్తాను," అంది. "చెప్పమని నువ్వడగలేదు. నేనే చెప్తాను."

పెద్దావిడ ఆమె మొహంకేసి చూసింది, కొలత తీసుకుంటున్నట్టు. తర్వాత కూతురి వైపు తిరిగి, "ఆదివారం ఎన్నింటికట?" అంది. ఆ అడగడంలో చిన్నపిల్ల గొంతు వినపడింది.

"ఆరింటికి," అంది ఆమె.

"సరే. ఒకసారి పాడు. ఎలా పాడతావో చూస్తా."

ఆమె గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండో ముక్కకే పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. "పరుగు దేనికి? పాటలో ఆవిడేం బస్సు పట్టుకోవాలా?" అని తనే ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది, పైస్థాయి అందలేదు. కానీ 'రాలేదా' అన్న తర్వాత ఆవిడ ఊపిరి తీసుకుని ఒక్క క్షణం ఆగింది. నవ్వు పెట్టిన చోటు అదే. అక్కడ నిజానికి ఉండాల్సింది నవ్వు కాదు, ఏమీ లేకపోవడం. ఆమె తనకి తెలియకుండానే రెండో గొంతు అందుకుని, పెద్దావిడకి రెండు మెట్లు కింద, కోరస్ పాడసాగింది.

శుక్రవారం పొద్దున పదింటికి రమ్మని మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. అయిదు గంటలు అద్దాల గదిలో కూర్చోబెట్టారు. మేకప్ చేసే మనిషి ఆమె బుగ్గలు పట్టుకుని ఇటూ అటూ తిప్పి, "ఆవిరి పని చేస్తారా? చర్మం మెత్తగా ఉంది," అంది. ఆ రోజంతటికీ ఆమె గురించి ఎవరైనా అడిగిన సంగతి అదొక్కటే. తర్వాత ప్రోగ్రాం అమ్మాయి కాగితాలతో వచ్చింది. ఫోనులో మాట్లాడింది ఈ పిల్లే.

"మేడం, సింపుల్. యాంకర్ పిలుస్తారు, మీరు వస్తారు, చెయ్యి ఊపుతారు. పోటీ అమ్మాయి మీ కాళ్ళ మీద పడుతుంది, మీరు లేపి కౌగిలించుకుంటారు. రెండు మాటలు, నాలుగు లైన్లు పాట. అయిపోయింది."

"నేను చెప్పాల్సింది ఒకటుందమ్మా."

"చెప్పండి మేడం, స్టేజీ మీదే. మీ ఇష్టం," అంది ఆ పిల్ల కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ.

స్టేజీ మీద వెలుగు మొహాన కొట్టింది. ఎదుట ఎంతమంది ఉన్నారో తెలియలేదు, చీకటి మాత్రం కదులుతోంది. యాంకర్, "ముప్పై రెండేళ్ళ కిందట ఈ పాటకి ప్రాణం పోసిన గొంతు!" అని అరిచాడు. పోటీ అమ్మాయి చెప్పినట్టే కాళ్ళ మీద పడింది. ఆ పిల్లని లేపుతుంటే భుజాలు గువ్వపిట్టలా వణకడం చేతికి తెలిసింది. ఈ పిల్ల నిజంగానే ఏడుస్తోంది.

ఆమె మైకు అందుకుంది.

"ఈ పాట నాది కాదు," అంది. "నేను కోరస్‌లో పాడేదాన్ని. దీన్ని కట్టినావిడ, మొదట పాడినావిడ వేరే ఉన్నారు." అని పెద్దావిడ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం తెలిసేలా చెప్పింది. "ఆవిడ ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఆవిడ పేరు చెప్పమని నాకు ఆనాడే చెప్పారు. నేను చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆవిడకి రావాల్సిన పేరు నేను మోశాను."

యాంకర్ నవ్వు మొహం మీద అలాగే అతుక్కుపోయింది. ఆయన కళ్ళు మాత్రం పక్కనున్న చీకట్లోకి, ఎవరికోసమో పోయాయి. వాయిద్యాలవాళ్ళు తాళం మొదలుపెట్టబోతే ఆమె వద్దని చెయ్యి చూపించి, ఒట్టి గొంతుతో పాడింది. తొందర లేకుండా. 'రాలేదా' అన్నాక ఆగింది. అంత పెద్ద హాలులో ఆ క్షణం ఎవరో దగ్గినా వినిపించేది. ఎవరూ దగ్గలేదు.

చప్పట్లు ఆలస్యంగా మొదలై చాలాసేపు కొనసాగాయి. మెట్లు దిగుతుంటే ఆమెకి కాళ్ళు భూమ్మీద ఆనినట్టు లేదు. నెత్తిన మోస్తున్నదేదో ఎవరో దించి పక్కన పెట్టినట్టు మెడ తేలికైంది. "బాగా మాట్లాడారు మేడం," అంది ప్రోగ్రాం అమ్మాయి, తల ఎత్తకుండానే.

బస్సులో కూర్చున్నాక పెద్దావిడ ఇంటికి ఫోను చేసింది. కూతురు ఎత్తితే, "చెప్పానని అమ్మకి చెప్పమ్మా," అంది. "అమ్మ వినాలంటే తనే వింటుంది. ఆదివారం చూస్తాం," అంది కూతురు. ఈసారి ఆ గొంతు కాస్త మెత్తబడింది.

ఆదివారం అయిదున్నరకే తమ్ముడి ఇల్లు నిండిపోయింది. లాండ్రీ యజమాని భార్యతో సహా వచ్చాడు. ఆమెకి మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, పెళ్ళికూతురిలా. "ఈ వయసులో నాకీ పీటేంటి," అంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తను చెప్పింది విన్నాక వీళ్ళ మొహాలు ఎలా మారతాయోనని ఓ పక్క బెరుకుగానే ఉంది. మారితే మారనీ అనుకుంది.

తెర మీద ఆమె వచ్చింది. కింద పెద్ద అక్షరాలు పడ్డాయి: 'గుండీ పాట - అసలు గాయని'. మరదలు ఈల వేసింది. మరదలికి ఈల వచ్చని ఇన్నేళ్ళలో ఎవరికీ తెలియదు. పోటీ అమ్మాయి కాళ్ళ మీద పడింది. ఆమె లేపింది. మైకు అందుకుంది.

"ఈ పాట..." అంది తెర మీది ఆమె.

అంతలో తెర నిండా జనం. లేచి నించుని చప్పట్లు కొడుతున్నారు. పోటీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. యాంకర్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. మళ్ళీ ఆమె కనిపించేసరికి పాడుతోంది. వినిపిస్తున్న గొంతు మాత్రం రికార్డుది. వాయిద్యాలు, తాళం, ఇరవై రెండేళ్ళ గొంతు. యాభై నాలుగేళ్ళ పెదాలు 'రాలేదా' అని ఆగి మూసుకున్నాయి. మూసుకున్న ఆ పెదాల మీద ఇరవై రెండేళ్ళ పిల్ల కిలకిలా నవ్వింది.

గదిలో చప్పట్లు మోగిపోయాయి. తమ్ముడు కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"అత్తా, పెదాలు కలవట్లేదే," అంది మేనకోడలు మెల్లగా.

"నేను ఇంకోటి చెప్పాను," అంది ఆమె. "అక్కడ నేను ఇంకోటి చెప్పాను. పాట నాది కాదని చెప్పాను."

"అదే మంచిపనైంది," అన్నాడు యజమాని. "కంగారులో ఏదో అనుంటావు. టీవీ వాళ్ళకి తెలుసు ఏది ఉంచాలో."

ఆమె వెనక గదిలోకెళ్ళి ప్రోగ్రాం అమ్మాయికి ఫోను చేసింది. నాలుగోసారికి ఎత్తింది.

"టైం సరిపోలేదు మేడం. ఎడిటింగ్‌లో అలాగే పోతాయి. పైగా అసలు గాయని వస్తోందని వారమంతా ప్రోమో వేశాం. మీరొచ్చి కాదంటే చూసేవాళ్ళు తికమకపడరూ?"

"అసలావిడ ఉన్నారమ్మా. ఆవిణ్ణి పిలవండి. అడ్రసిస్తాను."

"తప్పకుండా మేడం. వచ్చే సీజన్లో చూద్దాం," అంది ఆ పిల్ల. వెనక ఎవరో పిలుస్తున్నారు. ఫోను పెట్టేసింది.

పక్కగదిలో ఎవరో మళ్ళీ మొదటినుంచి పెట్టమంటున్నారు.

సోమవారం పొద్దున్నే ఆమె ఆ వీధిలో దిగింది. తలుపు తీసిన కూతురు గుమ్మానికి అడ్డంగానే నించుంది.

"నేను చెప్పానమ్మా. వాళ్ళు తీసేశారు."

"తీసేశారా," అంది కూతురు. "మా అమ్మ నిన్న వీధంతటినీ పిలిచింది. ఎవరింటికీ పోని మనిషి, ఎవర్నీ రమ్మనని మనిషి, ఇల్లిల్లూ తిరిగి, ఆ పాట తనదని చెప్పి పిలిచింది. నా పెళ్ళికి కూడా ఇంత హడావుడి చేయలేదు. కుర్చీలు చాలక ఎదురింటి నుంచి తెచ్చాం. మీరు మైకు పట్టుకోగానే, 'ఇదిగో, ఇప్పుడు చెప్తుంది చూడండి, ఇప్పుడు' అంది." కూతురు తలుపు రెక్క మీద చెయ్యి తియ్యలేదు. "తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. కుర్చీలు పట్టుకుని వెళ్ళిపోయారు. ఎదురింటావిడ మాత్రం నా చెవిలో చెప్పింది, అమ్మని డాక్టరుకి చూపించమని. ఈ వయసులో ఇలాంటివి మొదలవుతాయట."

"రానీ," అంది లోపలి గొంతు.

పెద్దావిడ అదే కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఇవాళ చేతిలో పనేమీ లేదు.

"చెప్పానక్కా. ఒట్టు. ఇంటిపేరుతో సహా చెప్పాను."

"చెప్పే ఉంటావు."

"నమ్ముతున్నావా?"

"చెప్పకపోయుంటే నువ్వు రావు," అంది పెద్దావిడ. "అప్పుడు రాలేదుగా."

ఆమె నేల మీద కూలబడి పెద్దావిడ మోకాలి మీద చెయ్యేసింది. ఆవిడ తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

"ఇప్పుడేం చెయ్యనక్కా? చెప్పు, చేస్తాను. పేపరుకి వెళ్ళనా?"

"పేపర్లూ టీవీలూ వద్దు. ఇన్నేళ్ళు వాళ్ళు లేకుండానే బతికా." పెద్దావిడ కిటికీలోంచి వీధిలోకి చూసింది. "బయటికెళ్ళి ఆ నలుగురికీ చెప్పు. రోజూ వాళ్ళ మొహాలే చూడాలి నేను. నాకీ వీధి చాలు."

ఆమె లేచి బయటికొచ్చింది. ఎదురింటావిడ వాకిట్లో తీగ మీద దుప్పటి ఆరేస్తోంది. ఆమెని చూడగానే దుప్పటి అక్కడే వదిలేసింది.

"అయ్యో, మీరే కదూ! టీవీలో గుండీ పాట! ఏమర్రా, ఇలా రండి, ఎవరొచ్చారో చూడండి!"

ఇటు రెండిళ్ళు, అటు రెండిళ్ళు తలుపులు తెరుచుకున్నాయి. చీపురు చేతిలో ఉన్నావిడ చీపురుతోనే వచ్చింది. నిమిషంలో ఏడెనిమిదిమంది చుట్టూ మూగారు.

"అమ్మా, మీకో మాట చెప్పాలి," అంది ఆమె. స్టేజీ మీద వణకని గొంతు ఇక్కడ వణికింది. "ఆ పాట నాది కాదు. ఈ ఇంట్లో ఉన్నావిడది. కట్టింది ఆవిడే, పాడింది ఆవిడే. నేను ఆవిడ వెనక నించుని కోరస్ పాడేదాన్ని. టీవీలో ఇదే చెప్పాను, వాళ్ళు కోసేశారు. ఆవిడ మీకు చెప్పింది నిజం. ప్రతి అక్షరం నిజం."

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎదురింటావిడ కళ్ళు చెమర్చాయి. ఆమె రెండు చేతులూ పట్టుకుని తన గుండెకి ఆనించుకుంది.

"ఎంత మంచి మనసమ్మా మీది," అంది. "పెద్దావిడ నొచ్చుకుందని తెలిసి, పరుగెత్తుకొచ్చి, మీ పాటనే ఆవిడకిచ్చేస్తున్నారు."

"కాదమ్మా, ఇచ్చేయడం కాదు. నిజంగానే ఆవిడది..."

"అర్థమైందండీ, మాకు అర్థమైంది," అంది చీపురావిడ గొంతు తగ్గించి. "మీరేం బెంగ పెట్టుకోకండి. ఆవిడ ముందు మేమూ అలాగే అంటాం. ఆవిడ పాటేనంటే ఆవిడకి తృప్తి, మాకు పోయేదేముంది?"

"పెద్దవాళ్ళు ఎక్కడా అంతేలెండి. మనసు చిన్నబుచ్చకూడదు," అంది ఇంకొకావిడ.

"మీరు వినండి," అంది ఆమె. అరిచింది. "నేను దొంగని. ఆ పాట దొంగిలించాను. వింటున్నారా?"

వాళ్ళు విన్నారు. అందరి మొహాల్లోనూ జాలి, గౌరవం ఇంకా ఇంకా పెరిగాయి. "చూశారా, పేరొచ్చినా ఎలా ఒదిగి ఉన్నారో," అని ఎవరో అన్నారు.

ఎదురింటావిడ ఆమె చేతులు వదలకుండానే కిటికీ వైపు తిరిగింది. చెవుడున్నవాళ్ళతోనో పసిపిల్లలతోనో మాట్లాడేటప్పుడు పెట్టే గొంతు పెట్టింది.

"పెద్దమ్మా! పాట మీదేనట! ఈవిడే చెప్పారు! ఇప్పుడు సంతోషమేనా?"

అని ఆమెకేసి తిరిగి, రహస్యంగా, ప్రేమగా కన్ను కొట్టింది.

కిటికీ ఊచల వెనక పెద్దావిడ అంతా విని ఉంది. వీధినంతటినీ ఓసారి ఇంటి నుంచి ఇంటికి చూసుకుంటూ వచ్చి, చివరికి ఆమె దగ్గర చూపు ఆపింది.

"సంతోషమేనమ్మా," అంది. చెయ్యి చాచి కిటికీ తలుపు దగ్గరికి లాక్కుంది.